నవాసారం, ప్లాటినం, మంచినీళ్ళు

భిలాయ్ నుంచి జీఈ రోడ్డు మీద రాయ్‌పూర్‌లోకి వస్తుంటే టాటీబంధ్ చౌక్ తగులుతుంది. లారీలు, ఇనప కడ్డీల లోడ్లు, దుమ్ము, హారన్లు. అక్కడే ఎయిమ్స్. 2012లో దేశంలో ఒకేసారి మొదలైన ఆరు కొత్త ఎయిమ్స్‌లలో అదొకటి. అదే రోడ్డున ఇంకాస్త ఊళ్ళోకి వెళితే ఎన్‌ఐటీ వస్తుంది. 1956లో పునాదిరాయి వేసినప్పుడు అది గనులు, లోహాల కాలేజీ. ఈ నేల మీద అలాంటి కాలేజీ పెట్టడంలో వింతేమీ లేదు. ఇటు భిలాయ్‌లో ఉక్కు. అటు కోర్బాలో అల్యూమినియం. దక్షిణాన బైలదిల్లాలో ఇనప ఖనిజం. ఆ ఖనిజమే కొండలు దిగి మన విశాఖపట్నం రేవుకి వస్తుంది. ఆ ఉక్కు పనికి, ఆ రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో.

మీకు లోహం కొత్త కాదు. అయితే ఇవాళ నేను చెప్పబోయే లోహం కొలిమిలో ఉండదు. సెలైన్ స్టాండుకి వేలాడే సీసాలో ఉంటుంది.

ఇంట్లో ఎవరికైనా కేన్సర్ వచ్చి మందులు ఎక్కిస్తుంటే, ఒకసారి ఆ ఫైలు తెరిచి చూడండి. సిస్‌ప్లాటిన్ అనో, కార్బోప్లాటిన్ అనో, ఆక్సాలిప్లాటిన్ అనో ఒక పేరు కనబడొచ్చు. ఆ ప్లాటిన్ అన్నది ప్లాటినమే. నగల దుకాణంలో ఉంగరాలు చేసి అమ్ముతారే, అదే. నోరు, గొంతు, ఊపిరితిత్తులు, అండాశయం, గర్భాశయ ముఖద్వారం, పెద్దపేగు. ఇన్ని చోట్ల వచ్చే కేన్సర్లకి ఈ మూడింట్లో ఏదో ఒకటి వాడతారు. నోటి కేన్సర్ సంగతి మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ గుడాఖు అనే పొగాకు ముద్దని పళ్ళకి రుద్దుకుంటారు. మన శ్రీకాకుళం వైపు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. పేర్లు వేరు, చేరే వార్డు మాత్రం ఒకటే.

ప్లాటినం మందు అనగానే చాలామంది అడిగే మాట ఒకటుంది. "లోహాన్ని నెత్తుట్లోకి ఎక్కిస్తారా? అది విషం కాదూ?" అని. అడగాల్సిన మాటే. ఇవాళ దానికి జవాబు చెప్తాను. ఆ జవాబులోంచే మీరు ఇంట్లో చేయాల్సిన పని ఒకటి బయటికొస్తుంది. పని చిన్నది. మంచినీళ్ళు తాగించడం. మందుకి ముందు నీళ్ళు, మందు తర్వాత నీళ్ళు. ఎందుకో అర్థమైతే ఎవరూ మానరు. అందుకే ఆ ఎందుకు అన్నదాని మీదే ఎక్కువసేపు ఉంటాను.

మన ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెలు ఉండేవి. కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు చారు కాచి రాత్రంతా ఉంచితే ఏమవుతుంది? చారు చెడుతుంది. గిన్నె అంచున పచ్చగా కిలుం పడుతుంది. అది తాగితే కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. అదే గిన్నెకి కళాయి వేయించి అదే చారు కాస్తే? ఏమీ కాదు. పైగా రుచి. ఇత్తడి మారలేదు, పులుపు మారలేదు. మధ్యలో పల్చటి తగరం పూత ఒకటి వచ్చింది. అంతే తేడా.

కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చి కొలిమి పెడితే పిల్లలంతా చుట్టూ మూగేవాళ్ళు. గిన్నెని ఎర్రగా కాల్చేవాడు. లోపల తెల్లటి పొడి చల్లేవాడు. గుప్పుమని తెల్ల పొగ లేచేది. ముక్కు మండేది. వెంటనే తగరం ముక్క తాకించి, గుడ్డతో గిన్నెంతా తిప్పేవాడు. ఒక్క చుట్టుతో గిన్నె అద్దమైపోయేది. ఆ తెల్ల పొడి నవాసారం. రసాయన శాస్త్రంలో దాన్నే అమ్మోనియం క్లోరైడ్ అంటారు. ఈ నవాసారాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు దానితోనే పని.

అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ. 1960ల మొదట్లో అక్కడ బార్నెట్ రోజెన్‌బర్గ్ అని ఒక భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు. డాక్టరు కాదు. కేన్సర్ మందు కోసం వెతుకుతున్నవాడూ కాదు. కణం రెండుగా చీలేటప్పుడు తీసిన ఫోటోలు చూశాడు. అయస్కాంతం చుట్టూ ఇనప రజను పేరుకున్నట్టు అనిపించింది. అయితే కరెంటు పెడితే కణాలు ఎలా విడిపోతాయో చూద్దామనుకున్నాడు. మన పేగుల్లో ఉండే ఈ-కోలి బాక్టీరియాని ఒక ద్రవంలో పెంచాడు. అందులోకి రెండు లోహపు పలకలు దించి కరెంటు ఇచ్చాడు. పలకలకి ప్లాటినం ఎందుకు వాడాడంటే, అది దేంతోనూ కలవదని, కరగదని అందరికీ నమ్మకం.

బాక్టీరియా చీలడం మానేసింది. చావలేదు. చీలకుండా పెరుగుతూ పోయింది. మామూలు పొడుగుకి 300 రెట్ల దాకా సాగింది. మొదట ఇది కరెంటు మహిమ అనుకున్నారు. రోజెన్‌బర్గ్, ఆయనతో పనిచేసే లొరెట్టా వాన్ క్యాంప్, ఇంకొందరు కలిసి ఒక్కొక్కటే తీసేస్తూ వెతికారు. చూస్తే కరెంటు కాదు. కరగదనుకున్న ప్లాటినం కరుగుతోంది. లక్ష పాళ్ళ నీళ్ళలో ఒక్క పాలు చొప్పున, అంత కొంచెం. అలా కరిగిన ప్లాటినం ఆ ద్రవంలో దేనితో కలిసిందో చెప్పుకోండి. నవాసారంతో. బాక్టీరియాకి ఆహారంగా వేసిన వాటిల్లో అమ్మోనియం క్లోరైడ్ ఉంది. అందులోని అమ్మోనియా, అందులోని క్లోరిన్, రెండూ వచ్చి ప్లాటినానికి అంటుకున్నాయి. 1965లో ఆ సంగతి నేచర్ పత్రికలో అచ్చయింది.

తమాషా ఏంటంటే, ఈ పదార్థం అప్పటికే 120 ఏళ్ళ పాతది. మికేలె పెయ్‌రోనె అనే ఇటలీ రసాయనవేత్త 1840లలోనే దీన్ని తయారుచేశాడు. పసుపుపచ్చటి పొడి. మందుగా పనికొస్తుందని ఎవరికీ తట్టక పుస్తకాల్లో పడి ఉంది. అదే సిస్‌ప్లాటిన్.

దాని ఆకారం చెప్తాను, వినండి. బొమ్మ అక్కర్లేదు. ఒక నలుచదరం అనుకోండి. మధ్యలో ప్లాటినం. ఒక పక్క ఉన్న రెండు మూలల్లో రెండు అమ్మోనియాలు. అవతలి పక్క రెండు మూలల్లో రెండు క్లోరిన్లు. క్లోరిన్లు రెండూ పక్కపక్కనే ఉండాలి. ఎదురెదురు మూలల్లో కూర్చోబెడితే అదే బరువు, అదే సరుకు, కానీ మందుగా పనిచేయదు. ఇంత పట్టింపు ఉంది దానికి.

ఇక్కడ క్లోరిన్లే కళాయి. నెత్తుట్లో ఉప్పు బాగా ఉంటుంది. ఉప్పంటే అందులో క్లోరిన్ ఉంటుంది కదా. చుట్టూ అంత క్లోరిన్ ఉన్నంతసేపు ఈ మందుకున్న క్లోరిన్ సులువుగా ఊడదు. కళాయి నిలబడి ఉంటుంది. మందు కణం లోపలికి వెళ్ళాక అక్కడ ఆ ఉప్పు చాలా తక్కువ. అక్కడ కళాయి ఊడుతుంది. లోపలి ప్లాటినం బయటపడుతుంది. బయటపడ్డ ప్లాటినం ఊరుకోదు. పోయి డీఎన్‌ఏకి అంటుకుంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల గట్టిగా పట్టుకుని ఆ డీఎన్‌ఏని వంచేస్తుంది. కణం రెండు కావాలంటే డీఎన్‌ఏకి నకలు తీసుకోవాలి. వంగిపోయిన చోట నకలు సాగదు. బాగుచేసుకోవడానికి చూస్తుంది. కుదరకపోతే కణం తనంతట తానే చచ్చిపోతుంది. కేన్సర్ కణానికి తీరిక లేకుండా చీలడమే పని. కాబట్టి దెబ్బ దానికి ఎక్కువ తగులుతుంది.

అందుకే సిస్‌ప్లాటిన్‌ని ఉప్పు సెలైన్‌లోనే కలుపుతారు. సీసాలో ఉండగానే కళాయి ఊడిపోకూడదు కదా. నర్సులు ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటారు. అల్యూమినియం భాగాలున్న సూదులు, సెట్లు దీనికి వాడరు. అల్యూమినియం తగిలితే ప్లాటినం నల్లటి మడ్డిగా విడిపోతుంది. మందు బలం పోతుంది. ఈ సీసాని ఫ్రిజ్‌లోనూ పెట్టరు. చల్లదనానికి మందు పలుకులు కడుతుంది.

మోతాదు ఎంతో తెలుసా? నోటి కేన్సర్‌కి రేడియేషన్‌తో పాటు వారానికొకసారి ఇచ్చే పద్ధతిలో ఒక మనిషికి సుమారు 60 మిల్లీగ్రాములు పడుతుంది. మనిషి ఒంటి కొలతని బట్టి కాస్త అటూ ఇటూ. అందులో ప్లాటినం 39 మిల్లీగ్రాములు. రెండు బియ్యపు గింజల బరువు ఉండదు.

ఆ రెండు గింజల బరువే కిడ్నీని పాడుచేయగలదు. ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం.

1970ల మొదట్లో ఈ మందు మనుషులకి ఇచ్చి చూశారు. గడ్డలు కరిగాయి. కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎంతగా అంటే, ఈ మందు మనకొద్దు అని పక్కన పెట్టేసే దాకా వచ్చింది. కిడ్నీ మీదే ఎందుకు పడింది? నెత్తుట్లో ఉన్న మందుని బయటికి పంపాల్సింది కిడ్నీ. ఆ పనిలో కిడ్నీ కణాలు దీన్ని తమలోకి పోగేసుకుంటాయి. నెత్తుట్లో ఉన్నదానికంటే అక్కడ చిక్కగా పేరుకుంటుంది. కణం లోపల ఉప్పు తక్కువని ఇందాక చెప్పాను. అక్కడా కళాయి ఊడుతుంది. కేన్సర్ కణంలో ఊడాల్సిన కళాయి కిడ్నీలో ఊడుతుంది. మందు మంచిదే, కళాయి ఊడిన చోటు మంచిది కాదు.

న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ అనే కేన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ ఎస్తేబాన్ ట్విట్కోవిచ్, ఆయన తోటి డాక్టర్లు ఒక పని చేశారు. మందుకి ముందూ వెనకా సెలైన్ బాగా ఎక్కించారు. మూత్రం ధారాళంగా వచ్చేలా చూశారు. మందు కిడ్నీలో చిక్కగా నిలవకుండా పల్చబడి వెళ్ళిపోయింది. కిడ్నీ దెబ్బ బాగా తగ్గింది. 1977లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1978 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం సిస్‌ప్లాటిన్‌కి అనుమతి ఇచ్చింది. అప్పటికే ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు దీన్ని ఇంకో రెండు మందులతో కలిపి, ఒళ్ళంతా పాకిన వృషణాల కేన్సర్‌కి ఇస్తున్నారు. అంతకుముందు అలాంటి కుర్రాళ్ళు పదిమందిలో ఒకడు బతికితే గొప్ప. ఆ తర్వాత పదిమందిలో ఎనిమిది మంది దాకా బతుకుతున్నారు. మందు పాతదే. నీళ్ళు తోడయ్యాయి. ఇంత పెద్ద మందుని వాడుకలో నిలబెట్టింది ఉప్పునీళ్ళ సీసా అంటే నమ్మడం కష్టమే.

వార్డులో ఈ సంభాషణ మీరూ విని ఉంటారు.

"సిస్టర్, పొద్దున్నుంచి సెలైనే పెడుతున్నారు. మా ఆయనకి అసలు మందు ఎప్పుడు పెడతారండీ?"

"ఇదీ అందులో భాగమేనమ్మా. ఇది ఎక్కాకే అది."

అవును. ఆ మొదటి సీసా టైము గడపడానికి పెట్టింది కాదు. అందులో చాలాసార్లు పొటాషియం, మెగ్నీషియం కూడా కలుపుతారు. ఈ మందు వల్ల ఒంట్లో మెగ్నీషియం మూత్రంలో పోతుంది. ప్రతిసారీ మందుకి ముందు నెత్తురు తీసి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసేదీ కిడ్నీ కోసమే. అది ఎక్కువగా ఉంటే ఆ వారం మందు ఆపుతారు, లేదా మారుస్తారు. డాక్టర్లు వెనక్కి పంపారని కోపం తెచ్చుకోకండి.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించడం వాళ్ళ పని. ఇంటికి తీసుకెళ్ళాక మొదటి రెండు మూడు రోజులు మీ పని. రోజుకి రెండు నుంచి మూడు లీటర్లు తాగమంటారు సాధారణంగా. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి, ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఈ లెక్క పనికిరాదు. వాళ్ళకి ఎంతో డాక్టరే చెప్పాలి, అడిగి రాయించుకోండి. నీళ్ళే తాగాలని లేదు. పల్చటి మజ్జిగ, గంజి, సగ్గుబియ్యం జావ, ఏదైనా సరే. ఒకేసారి చెంబెడు తాగిస్తే వాంతి అవుతుంది. గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగించండి. రాత్రి లేచినప్పుడు కూడా.

ఇక్కడ ఒక అడ్డంకి ఉంది. దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఆసుపత్రి రోజున నీళ్ళు తాగరు. కావాలనే తాగరు. ఊరు కాని ఊరు. బాత్రూం ఎక్కడుందో తెలీదు, లైను ఎంతుందో తెలీదు. తిరుగు బస్సులో నాలుగైదు గంటలు కూర్చోవాలి. పొద్దున్న అర గ్లాసు టీ తాగి, సాయంత్రం దాకా నోరు కట్టుకుంటారు. రాయ్‌పూర్ మే నెల ఎండ మీకు తెలియనిది కాదు. ఆ ఎండలో, ఆ ఎండిన ఒంటితో, ప్లాటినం మందు ఎక్కించుకుని బస్సెక్కుతారు. వెంట వెళ్ళేవాళ్ళు ముందుగా బాత్రూం ఎక్కడో కనుక్కుని చూపించండి. "పిన్నీ, అదిగో అక్కడుంది, నేను తోడొస్తాను, నువ్వు తాగు" అని ఒక్క మాట అనండి. ఆ పూట మీరు చేసే సాయాల్లో అదే ముందు.

వాంతులవుతున్నాయని నీళ్ళు మానేసేవాళ్ళూ ఉన్నారు. ఇది ఇంకా ప్రమాదం. వాంతి వల్ల నీరు పోతుంది, తాగనందువల్ల కొత్త నీరు రాదు. ఇప్పుడు వాంతులకి మంచి మాత్రలున్నాయి. ఇచ్చిన మాత్ర ఇచ్చిన వేళకి వేయండి, వాంతి మొదలయ్యేదాకా ఆగకండి. అయినా ఏదీ కడుపులో నిలవకపోతే, మూత్రం తగ్గిపోతే, తెల్లారనిద్దాం అనుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి ఫోను చేయండి, వెళ్ళండి. జ్వరం వచ్చినా అంతే. చెవిలో గుయ్యిమని శబ్దం వస్తోందంటే తీసిపారేయకండి. ఈ మందు వినికిడి మీద కూడా పడుతుంది, ముందు సన్నటి శబ్దాలు పోతాయి. డాక్టరుకి చెప్పండి.

ఒంటినొప్పులకి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ తెచ్చి వేయకండి. అవీ కిడ్నీ మీద పడేవే. ఒక భారం మోస్తున్న కిడ్నీ మీద ఇంకోటి పెట్టినట్టవుతుంది. ఏ నొప్పి మాత్రయినా అడిగే వేయండి.

ఇక భస్మాలు. ఈ మాట చెప్తే కొందరికి నచ్చదు, అయినా చెప్పాలి. "వాళ్ళిచ్చేదీ లోహమే, మా వైద్యుడిచ్చేదీ లోహమే. ఆయనిచ్చేది నోటితో మింగేది, సూదీ గీదీ లేదు" అంటారు. పేరు తెలియని పొట్లంలో ఏ లోహం ఉందో, ఎంత ఉందో, దాని కళాయి ఎక్కడ ఊడుతుందో ఎవరు చూశారు? 2008లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని కొని పరీక్షించారు. సుమారు ఐదో వంతు వాటిల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికింది. నాకు ఆయుర్వేదంతో తగువు లేదు. కీమో నడుస్తుండగా డాక్టరుకి చెప్పకుండా పొట్లం మింగించడంతోనే తగువు. కిడ్నీ దెబ్బతింటే అది ప్లాటినం వల్లో, పొట్లం వల్లో తేలదు. ఆగిపోయేది మాత్రం ప్లాటినమే.

ఆర్సెనిక్ అన్నాను కాబట్టి ఒక మాట. రాయ్‌పూర్‌కి పడమర రాజ్‌నంద్‌గావ్ వైపు, అంబాగఢ్ చౌకీ దగ్గర, కౌరికసా అని ఒక ఊరుంది. అక్కడి బావుల్లో, బోరుల్లో ఆర్సెనిక్ ఉందని 1990ల చివర బయటపడింది. పాషాణం అంటామే, అందులో ఉండేది అదే. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగితే చర్మం మీద మచ్చలొస్తాయి, అరచేతులు గరుకెక్కుతాయి, చివరికి కేన్సరూ రావొచ్చు. అదే ఆర్సెనిక్‌ని కొలిచి, శుద్ధి చేసి, నరంలోకి ఎక్కించి ఒక రకం రక్త కేన్సర్‌ని నయం చేస్తున్నారు. చైనాలో హార్బిన్ నగరపు డాక్టర్లు 1970లలో మొదలుపెట్టారు. 2000లో అమెరికాలోనూ అనుమతి వచ్చింది. బావిలో ఉన్నది తాగితే కేన్సర్, సీసాలో ఉన్నది ఎక్కిస్తే కేన్సర్‌కి మందు. ఎంత, ఏ రూపంలో, ఏ దారిన, ఎవరి కనుసన్నల్లో అన్నదే మొత్తం లెక్క.

మరి కిడ్నీ జోలికి పోని లోహం లేదా? పరిశోధకులు వెతుకుతున్నది అదే. కళాయి కేన్సర్ కణంలోనే ఊడాలి, ఇంకెక్కడా ఊడకూడదు. చెప్పడానికి ఒక్క వాక్యం. దాని మీద జీవితాలు గడిపేశారు.

మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎస్. సత్యనారాయణ గారి బృందం ఈ దారిలో ఏళ్ళ తరబడి పనిచేసింది. వాళ్ళ లోహం ప్లాటినం కాదు, రుథేనియం. ప్లాటినానికి దగ్గరి బంధువే. దానికి నాలుగు కాదు, ఆరు వైపులా ఏదో ఒకటి అతికించొచ్చు. అంటే కళాయి వేయడానికి ఎక్కువ వీలు. ఒక్కో సమ్మేళనం తయారుచేయడం, అది డీఎన్‌ఏకి ఎలా అంటుకుంటుందో చూడడం, ఇదీ పని.

ఎలా చూస్తారో చెప్తాను. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. పెద్ద యంత్రమేమీ ఉండదు. ఒక గాజు గొట్టం, మధ్యలో వెంట్రుకంత సన్నటి దారి. దాన్ని వేడి మారని నీళ్ళ తొట్టిలో నిలబెడతారు. దూడ గ్రంథిలోంచి తీసిన డీఎన్‌ఏని నీళ్ళలో కలిపి అందులో పోస్తారు. పై గీత నుంచి కింది గీత దాకా జారడానికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్ పెట్టి కొలుస్తారు. తర్వాత లోహపు సమ్మేళనం కాస్త కలిపి మళ్ళీ కొలుస్తారు. డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుంది, దాని మెట్ల మధ్యలోకి సమ్మేళనం దూరితే మెట్లు ఎడమవుతాయి. డీఎన్‌ఏ పొడుగవుతుంది. ద్రవం చిక్కబడి నెమ్మదిగా జారుతుంది. పక్కన ఊరికే అంటుకుంటే టైము మారదు. కంటికి కనబడని అణువు ఎక్కడ కూర్చుందో ఒక గడియారం చెప్తుంది. 1992లో సత్యనారాయణ, డాబ్రోవియాక్, చెయిర్స్ ముగ్గురూ కలిసి బయోకెమిస్ట్రీ పత్రికలో రాసిన పత్రం ఉంది. ఒక రుథేనియం సమ్మేళనం మెట్ల మధ్య దూరుతుందని చాలామంది అనుకుంటుండగా, మామూలుగా అనుకునే రీతిలో దూరడం లేదని వాళ్ళు తేల్చారు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఆ పత్రాన్ని ఇప్పటికీ ఉదహరిస్తారు.

డీఎన్‌ఏకి అంటుకుంటే మందైపోయినట్టేనా? కాదు. "కేన్సర్‌కి కొత్త మందు కనిపెట్టిన పరిశోధకుడు" అని పేపర్లో శీర్షిక పడుతుంది. లోపల చదివితే గాజు పళ్ళెంలో కేన్సర్ కణాలు చచ్చాయని ఉంటుంది. పళ్ళెంలో కణాలు చంపడానికి బ్లీచింగ్ పౌడరు కూడా పనికొస్తుంది. పక్క పళ్ళెంలో ఉన్న మంచి కణాలు బతికాయా అన్నది చూడాలి. తర్వాత ఎలుకలో. ఆ తర్వాత మనిషిలో, మూడు దశలు. నామి-ఎ అని ఒక రుథేనియం మందు మనుషుల దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకొకటి కెనడాలో మూత్రాశయ కేన్సర్‌కి పరీక్షిస్తున్నారు. అది లోపల చేరాక పచ్చటి కాంతి పడితేనే పనిచేస్తుంది. వెలుగు పడని చోట ఊరుకుంటుంది. రుథేనియం మందేదీ ఇంకా పరీక్షలు దాటలేదు. ఆసుపత్రికి వెళ్ళి "రుథేనియం ఇవ్వండి" అని అడిగితే ఇచ్చేది కాదు. పేపరు కత్తిరించి పట్టుకెళ్ళి, నడుస్తున్న సిస్‌ప్లాటిన్ మాత్రం ఆపించకండి.

కళాయి మార్చి గెలిచిన మందులు ముఖ్యంగా రెండున్నాయి, అవి రెండూ ప్లాటినమే. కార్బోప్లాటిన్‌లో క్లోరిన్లు తీసేసి గట్టి పూత వేశారు. నెమ్మదిగా ఊడుతుంది. కిడ్నీకి భారం తక్కువ. అయితే రక్తకణాలు పడిపోవడం ఎక్కువ. పెద్దపేగు కేన్సర్‌కి ఇచ్చేది ఆక్సాలిప్లాటిన్. 1970లలో జపాన్‌లో యోషినోరి కిదానీ తయారుచేశారు. ఇందాక సిస్‌ప్లాటిన్‌ని ఉప్పు సెలైన్‌లో కలుపుతారన్నాను కదా. దీన్ని ఉప్పు సెలైన్‌లో కలపకూడదు. ఉప్పులోని క్లోరిన్ దీని పూతని ఊడగొట్టేస్తుంది. అందుకని గ్లూకోజులోనే ఎక్కిస్తారు. పక్క మంచం మనిషికి ఉప్పు సెలైన్ పెట్టి మీ నాన్నగారికి గ్లూకోజు పెట్టారంటే అది పొరపాటు కాదు.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన మనిషి ఇంటికొచ్చాక ఇంకో సంగతి ఉంది. చల్లదనం తగిలితే వేళ్ళు జివ్వుమంటాయి. చల్లనీళ్ళు గొంతులో దిగితే గొంతు పట్టేసినట్టవుతుంది, ఊపిరి ఆడడం లేదని భయపడిపోతారు. సాధారణంగా కొన్ని రోజుల్లో తగ్గుతుంది. ఆ కొన్ని రోజులు ఫ్రిజ్ తలుపు వాళ్ళ చేత తీయించకండి. కూలరుకి ఎదురుగా మంచం వేయకండి. ఎండలో వచ్చారు కదా అని ప్రేమతో ఫ్రిజ్ సీసా అందించకండి. నీళ్ళు కాచి, గోరువెచ్చగా చేసి ఇవ్వండి.